అలంపురంలో కూడవెల్లి

తుంగ, భద్ర అనే రెండేరులు కన్నడదేశంలో శివమొగ్గకు చేరువన కలుసుకొనే చోటికి కూడ్లి అని పేరు. అక్కడినుండి తుంగభద్రగా సాగివచ్చిన నది మా పాలమూరు సీమకు దక్షిణపు కొసన కృష్ణలో లీనమయ్యేచోట ఉండిన ఊరి పేరు కూడవెల్లి. కూడలిలో పుట్టి కూడలిలోనే ముగిసే నది ఇది. "వెల్లి" అంటే ప్రవాహమని తెలుగు చదువుకొన్నవారికి చెప్పనక్కరలేదు. వెల్లువ, వెల్లివిరియు అన్న మాటలు నేటికీ వాడుకలోనే ఉన్నాయి. కూడిన వెల్లి గనుక కూడవెల్లి. ఇది నా ఊహే గాని శాసనప్రమాణం కాదు. అయినా ఊరి పేరు పెట్టిన పూర్వులు ఏటి గట్టున నిలబడి, కంటికి కనబడినదాన్నే పేరుగా పలికి ఉంటారని నా నమ్మకం. సిద్దిపేట ప్రాంతంలోనూ ఒక కూడవెల్లి ఉంది; అక్కడా రెండు వాగుల కలయికే, అక్కడా శివాలయమే.

ఇప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని చూడదలచినవారు కూడవెల్లికి పోకూడదు, అలంపురానికి రావాలి. ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. గుడి మాత్రం రాయి రాయిగా విప్పబడి, అక్కడికి ఆరేడు క్రోసుల దూరాన ఉన్న అలంపురంలో తిరిగి కట్టబడి ఉంది. అలంపురం చూచివచ్చినవారు నవబ్రహ్మాలయాల గురించి, జోగులాంబ గురించి ఎంతో చెబుతారు. ఈ గుడి సంగతి మాత్రం "అదీ ఒకటుంది" అన్నట్టు ఊరుకుంటారు. నాకు మాత్రం అలంపురం చరిత్రను కూడవెల్లి గుడి దగ్గరనుంచే చదవాలనిపిస్తుంది. ఎందుకో ఆ ముచ్చటే ఈ వ్యాసం.

ముందుగా ఊరిని గురించి రెండు మాటలు. హైదరాబాదు నుండి కర్నూలు పోయే జాతీయ రహదారిమీద అలంపురం చౌరస్తా ఉంది. అక్కడ దిగి లోపలికి పోతే తుంగభద్ర ఎడమగట్టున అలంపురం. ఇది 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లాలోది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు గద్వాలతో పాటు మహబూబునగరు జిల్లాలో చేరింది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోకి వెళ్ళింది. జిల్లాలు మారుతూనే ఉంటాయి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పినవాటిలో పడమటి ద్వారమనే పదవి మాత్రం మారలేదు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం మిగిలిన మూడు. వీటిలో ఉమామహేశ్వరమూ మా పాత జిల్లాలోనిదే కనుక రెండు తలుపుల తాళాలు పాలమూరువాళ్ళ దగ్గరే ఉన్నాయని మేము పరిహాసానికి అనుకొనేవాళ్ళం.

నవబ్రహ్మలంటే బ్రహ్మదేవుళ్ళు కారు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని పేర్లు వేరైనా అన్నీ శివాలయాలే. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడవ శతాబ్దిలోను ఎనిమిదవ శతాబ్ది తొలినాళ్ళలోను కట్టినవి. స్వర్గబ్రహ్మాలయంలో వినయాదిత్యుని కాలపు శాసనం ఉంది. ఆయన 681 నుండి 696 వరకు పాలించాడు. ఆయన కుమారుడు విజయాదిత్యుని కాలంలో, 713లో, ఈశానాచార్యుడనే ఆచార్యుని ద్వారా ఇక్కడ ప్రాకారం కట్టించినట్లు మరొక శాసనం చెబుతుంది. ఆ శాసనం లిపి మన వేంగీ చాళుక్య లిపి కాదు. ఉత్తరదేశంలో వాడుకలో ఉండిన సిద్ధమాతృక. తుంగభద్ర ఒడ్డున ఉత్తరాది లిపి ఏమిటని విస్తుపోయేవారు తలయెత్తి శిఖరాలను చూడాలి. తారకబ్రహ్మ ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఉత్తరాదివారి రేఖాశిఖరాలే. నిలువుగా లేచి పైకి పోగా పోగా లోపలికి వంగి, నెత్తిన ఉసిరికాయవంటి ఆమలకాన్ని మోస్తూ ఉంటాయి. దక్షిణాదివారి అంతస్తుల విమానం తారకబ్రహ్మకు మాత్రమే. ఒకే ఊరిలో, ఒకే రాజవంశపు నీడలో, కొద్ది తరాల వ్యవధిలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కన నిలిచాయి. ఉత్తరం, దక్షిణం అంటూ మనం గీసుకొనే గీతలు ఆనాటి స్థపతులకు ఇంత లావుగా కనబడి ఉండవు.

స్వర్గబ్రహ్మ అన్నింటిలోకి అందగాడు. గోడల్లోని కిటికీల జాలకాలు, దిక్పాలకులు, ఆకాశంలో తేలిపోతున్న దంపతులు, అన్నింటినీ చూడాలంటే ఒక పూట చాలదు. ఎర్రని ఇసుకరాయి సాయంత్రపు ఎండలో మెత్తని మట్టిముద్దలా కనిపిస్తుంది. ఈ గుళ్ళలో పంచతంత్ర కథలు కూడా చెక్కి ఉన్నాయి. పిల్లలను తీసుకొనిపోయిన ప్రతిసారీ నేను దేవుళ్ళను చూపించేవాణ్ణి, వాళ్ళు జంతువులను వెతుక్కొనేవాళ్ళు. వాళ్ళే ఎక్కువ చూచేవాళ్ళని ఇప్పుడనిపిస్తుంది. నిత్యపూజలు జరిగేది బాలబ్రహ్మకు. ఈ గుళ్ళను గూర్చి రససిద్ధుని కథ ఒకటి స్థానికంగా చెబుతారు. రసవాదం తెలిసిన సిద్ధుడు ఆలయాలు కట్టడం, రాజు ఆశపడి అతణ్ణి చంపించడం అందులోని సంగతులు. చరిత్ర కాకపోయినా, రాజులకు గుడికన్నా బంగారంమీదనే ఎక్కువ మోజు అన్న జనం అభిప్రాయం అందులో ఉంది కదా అని నేను దాన్ని తీసివేయను.

జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదవది. పూర్వపు గుడి పదునాలుగవ శతాబ్ది చివర బహమనీల దాడిలో నాశనమైనదని స్థానికుల చెప్పిక. అమ్మవారి విగ్రహం తరతరాలు బాలబ్రహ్మాలయంలోనే ఉండి, 2005లో కొత్త గుడిలోకి మారింది. పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా. దర్గా కథా, గుడి కథా రెండూ ఆ దాడి నాటివేనంటారు. ఒకరి కథలో వీరుడు మరొకరి కథలో దుండగుడు కావడం చరిత్రలో కొత్త కాదు. నేను చూచినంతవరకు ఆ పక్కపక్క వాకిళ్ళకు వచ్చిపోయే సామాన్యజనం ఈ చర్చ పెట్టుకోరు.

ఈ ఊరికి చరిత్ర ఉన్నదని లోకానికి తెలియజెప్పినవారిలో ముందు తలచవలసినది కీర్తిశేషులు గడియారం రామకృష్ణశర్మగారిని. అలంపురంలోనే ఉండి, శాసనాలు చదివి, శిల్పాలను కాపాడి, క్షేత్రచరిత్ర రాసిన పండితులు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఈ మారుమూల ఊరిలో జరిపించిన ఘనత ఆయనది. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ సభలకు వచ్చారు. కాళోజీ "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఇక్కడే. నవబ్రహ్మల నీడలో శ్రీశ్రీ, కాళోజీలు! తెలుగువాళ్ళ సాహిత్యచరిత్రలో ఇటువంటి విచిత్రమైన కూడళ్ళు మరి కొన్ని ఉంటే బాగుండేది. శర్మగారు 2006లో స్వర్గస్థులయ్యారు. వారి ఆత్మకథ "శతపత్రము"కు ఆ మరుసటి ఏడు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఒక ఊరికి ఒక పండితుడు చాలు అనడానికి ఆయనే నిదర్శనం. గుళ్ళున్నా పండితుడు లేని ఊళ్ళెన్నో మా సీమలో ముళ్ళపొదల పాలయ్యాయి.

ఇక నీళ్ళ కథ.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. పని నత్తనడకన సాగి ఎనుబదుల మొదట్లో నీరు నిలిచింది. జలాశయం కృష్ణ వెంటా, తుంగభద్ర వెంటా వెనక్కి పాకింది. కర్నూలు, మహబూబునగరు జిల్లాల్లో నూరుకు పైగా గ్రామాలు అందులో పోయాయి. 1981 వేసవిలో, ఇంకా ఖాళీ చేయని ఊళ్ళలో ప్రభుత్వం ఇళ్ళు కూలగొట్టించి మరీ జనాన్ని లేపింది. ఊళ్ళతో పాటు గుళ్ళూ పోయేవే. పురావస్తుశాఖలవారు పూనుకొని ముఖ్యమైనవాటిని విప్పి ఎత్తైన చోట్లకు తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి వచ్చాడు. అలంపురానికి నైరుతిగా ఉన్న పాపనాశి గుళ్ళు ఇరవైకి పైగా ఇలాగే చోటు మారాయి; మెట్లు మెట్లుగా పైకి సన్నబడే వాటి శిఖరాలు చూస్తే నవబ్రహ్మల తరువాతి రెండు మూడు శతాబ్దుల కథ తెలుస్తుంది. కొల్లాపురం వైపు సోమశిల గుళ్ళూ లేచి వచ్చినవే. ఆవలి గట్టున రూపాల సంగమేశ్వరుడు కర్నూలు దగ్గరి జగన్నాథగట్టెక్కాడు.

అలంపురం మునుగలేదు. నదివైపు పెద్ద కట్ట కట్టి ఊరినీ నవబ్రహ్మలనూ కాపాడారు. దీనివల్ల ఒక వింత జరిగింది. పదమూడు వందల ఏళ్ళ కిందట ఏటి గట్టున, ఏటిని చూస్తూ నిలవాలని కట్టిన గుళ్ళకు ఇప్పుడు ఏరు కనబడదు. కట్టెక్కి చూడాలి. 2009 అక్టోబరు మొదట్లో వరద వచ్చినప్పుడు మాత్రం కట్టా కాపాడలేకపోయింది. శ్రీశైలానికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చిందంటారు. ఆనకట్ట తట్టుకొనేందుకు లెక్కవేసినదానికి అది చాలా మీరిన మాట. కర్నూలు పట్టణంతో పాటు అలంపురమూ నీళ్ళలో నిలిచింది. నీరు తీసిన తరువాత చూస్తే, ఏడవ శతాబ్దపు గోడలు నిలిచే ఉన్నాయి.

కూడవెల్లి గుడి అలంపురంలోని గుళ్ళకు తోబుట్టువే. అదే కాలం, అదే చాళుక్యుల చేతి పని. లోపల గర్భగృహం చుట్టూ ప్రదక్షిణాపథం, పైన రేఖాశిఖరం. ఎత్తైన అధిష్ఠానం మీద, ప్రాకారం నడుమ ఠీవిగా నిలిచి ఉంటుంది. ఆ ఎత్తు ఎందుకో ఆలోచించాలి. రెండు పెద్ద నదులు కలిసేచోట ఏ ఏటి వరద ఎంత లేస్తుందో ఎరిగినవాడు వేసుకొన్న పునాది అదని నాకు తోస్తుంది. ఇప్పుడున్న చోట అది అందానికి మాత్రమే పనికివస్తున్నది. గుడి రాళ్ళన్నీ వచ్చాయి గాని, ఆ రాళ్ళు అలా పేర్చడానికి కారణమైన నీరు అక్కడే ఉండిపోయింది.

ఎనుబదుల చివర, నేను ఉద్యోగంలో కుదురుకొన్న కొత్తలో, ఉన్నత పాఠశాల పిల్లలను విహారయాత్రకు అలంపురం తీసుకొనివెళ్ళాము. నేను నది, సంగమం, క్షేత్రం అని నాలుగు సమాసాలు కలిపి ఉపన్యసిస్తూండగా, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు చుట్టూ చూచి, "సారూ, సంగమేశ్వరుడంటిరి గదా, మరి సంగమమేది?" అన్నాడు. తక్కిన పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. అది ఆ గుడిని గూర్చి అడగవలసిన మొదటి ప్రశ్న. వాణ్ణి ముందుకు పిలిచి, నేలమీద పుల్లతో రెండేళ్ళు గీసి, గుడి ఉండిన చోట ఒక గులకరాయి పెట్టించి, ఆ రాయిని వాడిచేతనే ఎత్తించి ఇవతల పెట్టించాను. ఆ పూట నేను చెప్పిన సమాసాలన్నీ వాళ్ళు మరచిపోయి ఉంటారు. గులకరాయి గుర్తుండి ఉంటుంది.

ఆ యాత్రలోనే, గుడి నీడన కూర్చున్న ఒక ముసలాయన మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. మునిగిపోయిన ఊళ్ళలో ఒక ఊరివాడు. "దేవునికి రాయి రాయి లెక్కబెట్టి తెచ్చిన్రు సారూ. మా ఇండ్ల దూలాలు మేమే మోసుకున్నం" అన్నాడు. కోపంగా అనలేదు. సంగతి చెబుతున్నట్టే అన్నాడు. నిర్వాసిత కుటుంబానికి ఒక సర్కారు ఉద్యోగమని 1986లో 98వ నంబరు ఉత్తర్వు వెలువడింది. అది కొందరికి అందింది. అందనివారు దశాబ్దాలపాటు కార్యాలయాల చుట్టూ తిరుగుతూ వచ్చారు. జీవో తొంభై ఎనిమిది అంటే ఆ ప్రాంతంలో చదువురానివారికి కూడా అర్థమవుతుంది.

గుళ్ళను తరలించడం తప్పని నేననను. నీళ్ళపాలు కావడంకన్నా పక్క ఊరిలో బతకడం మేలు. అలా తరలించడం మన ఒక్కరి పనీ కాదు. ఈజిప్టులో నైలు నదిమీద ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు, 1964 నుండి 1968 వరకు నాలుగేళ్ళు శ్రమపడి అబూ సింబెల్ గుహాలయాలను ముక్కలుగా కోసి, అరవై మీటర్లకు పైన ఎత్తుకు చేర్చారు. ఏటా రెండుసార్లు ఉదయసూర్యుని కిరణం గర్భాలయంలోని విగ్రహాలమీద పడే ఏర్పాటు చెడకుండా దిక్కును కూడా నిలబెట్టుకొన్నారు. అంతకుముందే మన నల్లగొండ పొలిమేరలో నాగార్జునసాగరం కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయలోని ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నింటిని కొండమీదికి చేర్చారు. కొండే దీవి అయింది. ఆ రెండుచోట్లా పాత చోటు ఏది, కొత్త చోటు ఏది, ఏది ఎందుకు కదిలింది అన్నది చూడవచ్చినవాడికి మొదటే చెబుతారు. నాకున్న కొరత అదే. అలంపురంలోనూ శిల్పం పేరు కన్నా, శతాబ్దం కన్నా ముందు "ఈ గుడి ఇక్కడిది కాదు" అని పెద్ద అక్షరాలతో చెప్పాలి. కూడవెల్లి అనే ఊరు ఉండేదని, అక్కడ మనుషులుండేవారని, వాళ్ళు ఎటు పోయారని చెప్పాలి. ఏడవ శతాబ్దపు చాళుక్య రాజు పేరు పిల్లలచేత వల్లెవేయిస్తాం గదా. ఇరవయ్యవ శతాబ్దంలో మునిగిన నూరూళ్ళ పేర్లు ఏ బడిలోనూ చెప్పము. తొలితరం నిర్వాసితులు చాలమంది వెళ్ళిపోయారు. ఉన్నవారిని కూర్చోబెట్టుకొని, ఏ ఊరికి ఏ వైపు ఏ చేను, ఏ బావి, ఏ రేవు, వాటి పేర్లేమిటి అని రాసుకొంటే అదొక శాసనసంపుటం అవుతుంది. "కూడవెల్లి" వంటి పేర్లు ఇంకా ఎన్ని పోయాయో! పండితుణ్ణి కనుక గుడి పోతే బాధపడతాను. పేరు పోతే మరికొంచెం ఎక్కువ బాధపడతాను.

దేవుణ్ణి కదల్చకుండా కాపాడుకొన్నవారూ ఉన్నారు. కృష్ణ, మలప్రభలు కలిసే కూడలసంగమం పాల్కురికి సోమనాథుని బసవపురాణం చదివినవారికి సుపరిచితం. నారాయణపుర జలాశయపు నీరు అక్కడికి పాకినప్పుడు, బసవేశ్వరుని ఐక్యమండపాన్ని అక్కడే ఉంచి, చుట్టూ బావివలె గోడ కట్టారు. భక్తులు మెట్లు దిగి నీటిమట్టం కన్నా కిందికి పోయి దర్శించుకొంటారు. ఇటు కర్నూలువైపు సంగమేశ్వరంలో అదీ లేదు. అక్కడ మిగిలిన గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉంటుంది. జలాశయం తగ్గగానే బురద కడిగి, వేపమాను లింగానికి పూజలు చేస్తారు. మళ్ళీ వరద వచ్చి ముంచేదాకా చేస్తారు. పురావస్తుశాస్త్రం ఒప్పుకొనే పద్ధతి కాదిది. అయినా ఆ దేవుడు తన చోట తానున్నాడు.

కూడవెల్లి చోటు చూడాలన్న కోరిక గలవారు అలంపురం నుండి గొందిమళ్ళకు పోవచ్చు. కృష్ణా తుంగభద్రల కలయిక ఆ దరిదాపుల్లోనే. 2016 కృష్ణా పుష్కరాలకు అక్కడ ఘాటు కట్టి స్నానాలు చేయించారు. జలాశయం నిండుగా ఉన్న నెలల్లో పోతే ఏది కృష్ణో ఏది తుంగభద్రో తెలియని ఒకే నీటిపరపు కనబడుతుంది. ఎండలు ముదిరి నీరు తగ్గినప్పుడు పోతే రెండు పాయలూ విడివిడిగా వచ్చి కలవడం చూడవచ్చు. తెలిసినవారిని వెంటబెట్టుకొని పొండి. ఒండ్రు మట్టి కాలు పెడితే దిగిపోతుంది. అలంపురంలో మ్యూజియం చూడటం మరువకండి, నవబ్రహ్మలకు ఒక పూట కేటాయించండి, పాపనాశికి సాయంత్రం పోతే ఎండ తక్కువ. కూడవెల్లి గుడిని మాత్రం అన్నింటికన్నా ముందు, కాళ్ళు అలిసిపోకముందే చూడండి.